లోపలి నుంచి వేసిన గొళ్ళెం

మా బాత్రూం తలుపుకి గొళ్ళెం లేదు. అది ఉండిన చోట మేకుల కన్నాలు మాత్రం మిగిలాయి. ఇంటికి చుట్టాలు వస్తే ముందే చెబుతాను, లోపలికి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి పాడుతూ ఉండాలని. పాట రానివాళ్ళు దగ్గుతారు. మా ఆయన శామ్ రోజూ తాను దాటే రైలు స్టేషన్ల పేర్లు వరసగా గట్టిగా చదువుతాడు. విన్నవాళ్ళు నవ్వుతారు, మేమూ నవ్వుతాం. ఆ గొళ్ళెం ఎందుకు పీకేశామో రాయాలని కూర్చున్నాను.

కెజియా మా ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదో ఏడు నడుస్తోంది. తనకి మూర్ఛ జబ్బు ఉంది. ఇంత చిన్న వాక్యం మా ఇంట్లో ఎవరి నోటా రాకుండా దాదాపు ఏడాది గడిచింది. బి.కాం చదివిన నా నోటా రాలేదు. పగలంతా వంట, మాత్రలు, ట్యూషన్ పిల్లలు. రాత్రి అందరూ పడుకున్నాక కాగితం ముందుకు లాక్కుంటే మనసు కొంచెం కుదురుకుంటుంది. మాలాంటి ఇల్లు ఇంకెక్కడైనా ఉంటే, వాళ్ళు మాకంటే కొంచెం ముందుగా నోరు విప్పాలని కూడా రాస్తున్నాను.

జూన్, బడులు తెరిచాక

మాది కోలారు బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో పాత గని కార్మికులకి వరసగా కట్టిన లైన్ ఇల్లు. మా మామగారు భూమి లోపల పనిచేసిన మనిషి, నా పెళ్ళికి ముందే పోయారు. అత్తమ్మ రత్నమ్మ మాతోనే ఉంటుంది. శామ్ తెల్లారకముందు రైలెక్కి బెంగళూరుకి పనికి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఈ ఊళ్ళో సగం మంది మగవాళ్ళ బతుకు అదే.

మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. కెజియా అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి కానీ చూసేవి కావు. పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి ఏమీ జరగనట్టే ముద్ద నోట్లో పెట్టుకునేది. పరధ్యానం అనుకుని కసురుకునేదాన్ని. బళ్ళో టీచరు కూడా అదే చెప్పింది, పాప వినదు, పాఠం మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోతుంది అని.

ఒకరోజు బడి నుంచి ఫోను. ప్రార్థన వరసలో నిలబడి ఉండగానే పడిపోయిందట. నేను వెళ్ళేసరికి టీచర్ల గదిలో బెంచీ మీద పడుకోబెట్టారు. తెలివి రావాలని ముక్కు దగ్గర పెట్టిన ఉల్లిపాయ వాసన గదంతా. ఎవరో పెద్ద తాళాల గుత్తి తెచ్చి కెజియా గుప్పిట్లో పెట్టి బిగించారు. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని ఇక్కడ అందరూ నమ్ముతారు. కెజియా మెల్లగా కళ్ళు తెరిచింది, చేతిలో తాళాలు చూసింది, చుట్టూ నిలబడిన టీచర్లని చూసింది. నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, నేను తాళాలు ఎత్తుకోలేదు. నా చేతిలోకి ఎట్ల వచ్చినాయో నాకు తెలీదు."

అరచేతిలో తాళం పళ్ళ అచ్చులు పడి ఉన్నాయి. నేను వాటిని రుద్దుతూ, "ఏమీ లేదు తల్లీ, నీరసం. నీరసంతో పడిపోయినావు" అన్నాను. ఆ మాట అక్కడ పుట్టింది. తర్వాత ఇంటిల్లిపాదీ దాన్నే పట్టుకున్నాం.

సెప్టెంబరు, బెంగళూరు

ఇక్కడి డాక్టరు రాసిచ్చిన కాగితంతో బెంగళూరు పెద్దాసుపత్రికి వెళ్ళడం మొదలైంది. తలకి జిగురు రాసి వైర్లు అతికించే పరీక్ష ఒకటుంది. దానికి పిల్లని ముందు రాత్రి నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. పొద్దున రైల్లో తన తల నా భుజం మీద వాలినప్పుడల్లా గిల్లి లేపాను. ఎదుటి సీటులో రోజూ బెంగళూరు పోయే మగవాళ్ళు పేకాట ఆపి నన్ను చూశారు. ఒకాయన, "యాలకమ్మా బిడ్డని అట్ల గిల్లుతా ఉండావు" అని అడిగాడు. సంగతి చెబితే లేచి కిటికీ పక్క సీటు ఇచ్చి, బెంగళూరు వచ్చేదాకా కెజియాకి పేకముక్కల్లో రాజులనీ రాణులనీ చూపించి కబుర్లు చెప్పాడు. పేరు కూడా అడగలేదు నేను.

వరండాలో గంటలు గంటలు కూర్చోవాలి. పిలుపు వస్తుందేమోనని నీళ్ళు తాగడానికి కూడా లేవలేని కూర్చోవడం అది. పరీక్ష అయ్యాక కెజియా జుట్టంతా జిగురు కట్టుకుపోయింది. పక్కన కూర్చున్న శ్రీనివాసపురం ఆవిడ తన సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. మునెమ్మ ఆమె పేరు, మామిడి తోట ఉన్న ఇల్లు. "ఇది నీళ్ళకి పోదు పాపా, నూనె పెట్టి దువ్వల్ల" అంటూ కెజియాని ముందర కూర్చోబెట్టుకుని పాయ పాయా విడదీసింది. ఆమె పక్కన గడ్డం వచ్చిన కొడుకు కూర్చుని ఉన్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ.

"ఏం జరిగింది?" అని అడిగాను.

"పొయ్యి కాడ కూచోనుండి పడినాడు. చిన్నప్పట్నించీ ఉండాదమ్మా వీడికి. మేము నిద్ర జబ్బు అని చెప్పినాము. నిద్రే కదా, పొయ్యి కాడ కూచుంటే ఏమి అనుకున్నాడు వాడు." దువ్వెన ఆపకుండా అంది. "ఇప్పుడు చెప్దామంటే మా మాట నమ్మడు."

ఆ పిల్లవాడు వింటున్నాడో లేదో తెలియదు. గోడమీది ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడింది. జబ్బు పేరు చెప్పింది. మాత్రలు ఏళ్ళపాటు వాడాలి, ఒక్క పూట కూడా మానకూడదు, ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికి ముప్పు అంది. తగ్గిపోవచ్చు, తగ్గకపోనూవచ్చు. చదువులో కొంచెం వెనకబడుతుంది, బళ్ళో ఎక్కువ సమయం, కొంచెం తోడు కావాలి. చివర్లో, "పాపకి మీరే చెప్పండి, బయట ఇంకెవరో చెప్పకముందే" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. కెజియా నిద్రపోయింది.

"ఆరేండ్ల బిడ్డకి ఏమని చెప్తావు?" అన్నాడు శామ్. "ఆడబిడ్డ. లైన్‌లో అందరికీ తెలిసిపోతాది. రేపు దానికి పెండ్లి కాల్ల."

"దానికింకా పళ్ళు ఊడి రాలేదు, నువ్వు పెండ్లి దాకా పోయినావు."

అత్తమ్మ కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "మీ మామకి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరిందని డాక్టరు మొగం మీదనే చెప్పినాడు. ఆ పొద్దుదాకా దగ్గుకుంటా మార్కెట్టుకి పోయేటోడు. పేరు విన్నాక మంచం దిగలేదు. జబ్బు కాదు, పేరు తినింది ఆయన్ని." కంచం పక్కకి జరిపింది. "నా మనవరాలికి పేరు చెప్పొద్దు. నీరసం అని చెప్పు. బలానికి మాత్ర అని ఇయ్యి."

ఆమె చూసిన చావు నేను చూడలేదు, ఒప్పుకున్నాను. బలం మాత్ర అని పేరు పెట్టాం. కెజియా ఎంతో నమ్మకంగా మింగేది. మింగి మోచెయ్యి మడిచి కండ చూపించేది.

డిసెంబరు ఆఖరు

మాత్రలు పనిచేశాయి. వానలు పోయాయి, చలి వచ్చింది, క్రిస్మస్ నక్షత్రాలు కట్టారు, కెజియా ఒక్కసారి కూడా పడలేదు. ముద్ద పట్టుకుని ఆగిపోవడం కూడా పోయింది. నేను రాత్రిళ్ళు నిద్రపోసాగాను.

మా సంఘంలో ఆరాధన మధ్య సాక్ష్యాల సమయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. అందరూ "దేవునికి స్తోత్రం" అంటారు. ఏడాది ఆఖరి ఆదివారం మరీ ఎక్కువమంది లేస్తారు. బిడ్డకి బాగైతే సాక్ష్యం చెప్పిస్తానని అత్తమ్మ ఎప్పుడో మొక్కుకుందట. ఆ వారమంతా కెజియాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాటలు నేర్పింది. ఇది తొందరపాటని నాకు అనిపించింది. కానీ ఆ ఇద్దరి సంతోషం చూస్తే వద్దనాలనిపించలేదు. బాగైన మాట నిజమే కదా అనుకున్నాను.

తెల్ల గౌను వేసుకుని కెజియా ముందుకు వెళ్ళింది. పాస్టరయ్య మైకు కిందికి దించి ఇచ్చాడు.

"నా పేరు కెజియా. నాకు నీరసం వస్తా ఉండె. ఏసయ్య నన్ను బాగు చేసినాడు. దేవునికి స్తోత్రం."

అత్తమ్మ నేర్పింది అంతవరకే. కెజియా మైకు వదల్లేదు. అందరూ తననే చూస్తున్నారు, నవ్వుతున్నారు. ఇంకొకమాట తనంతట తాను చేర్చింది.

"ఇంగ నాకు ఎప్పుడూ రాదు."

గుడి మొత్తం చప్పట్లు. అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక వరసలో నేనూ చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్

ఎండలు ముదిరాక కెజియా మారింది. సాయంత్రం మాత్ర మింగగానే నోరు కడుక్కుంటానని బాత్రూంలోకి పోయేది. రోజులో చాలాసార్లు లోపల గొళ్ళెం వేసుకునేది. పిలిస్తే ఆలస్యంగా పలికేది. బయటికి వచ్చాక మొహం పిండేసిన గుడ్డలా ఉండేది. కడుపునొప్పి అనేది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను. మోకాళ్ళ మీద కమిలిన మచ్చలు అడిగితే తొక్కుడుబిళ్ళ ఆడుతూ పడ్డానంది. బళ్ళో పరీక్ష పేపర్లు సగం ఖాళీగా వచ్చాయి.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. బాత్రూంలో చెంబు పడిన చప్పుడు, తర్వాత తలుపుకి ఏదో తగులుతున్న చప్పుడు. ఆగి ఆగి కాదు, అదే పనిగా.

"కెజ్జీ."

చప్పుడు ఆగలేదు. అది తన కాలు అని అప్పుడు తెలిసింది.

తలుపు తోశాను, భుజంతో కొట్టాను. పాత గని కంపెనీ వాళ్ళు పెట్టిన టేకు తలుపు, కదల్లేదు. లోపల స్నానానికని కాగిన నీళ్ళ బకెట్టు పెట్టింది నేనే. అత్తమ్మ వీధిలోకి పరిగెత్తింది. పక్కింటి సెల్వం ఆటో నడుపుతాడు, నన్ను తంగచ్చి అని పిలుస్తాడు, చెల్లెలు అని. అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తోనే గడ్డపార పట్టుకొచ్చాడు.

"తంగచ్చీ, నువ్వు జరుగు. బిడ్డ తలుపుకి ఆనుకోని ఉండాదా?"

"తెలీదన్నా."

"సరి, పైన్నించి తీస్తాను." బందుల దగ్గర గడ్డపార పెట్టి పెకలించాడు. తలుపు మా మీదికి వాలింది.

కెజియా గోడకీ బకెట్టుకీ మధ్య పడి ఉంది. వేడినీళ్ళ బకెట్టు పక్కకి ఒరిగి, గోడకి ఆనుకుని ఆగి ఉంది. తొణకలేదు. ముందు పన్ను విరిగి పెదవి చీలింది. తడి నేల మీద రక్తం పలచగా కాలువ వైపు పోతోంది. ఎత్తుకున్నాక కూడా తన ఒళ్ళు ఆగలేదు. ఆగింది, మళ్ళీ మొదలైంది. సెల్వం ఆటోలో ఆసుపత్రికి పోయేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నా ఒళ్ళో బిడ్డ ఊదారంగుకి తిరుగుతుంటే, "వచ్చేసినామమ్మా, అదో గేటు, అదో గేటు" అంటూనే ఉన్నాడు. గేటు ఇంకా చాలా దూరం ఉంది.

ఆసుపత్రిలో

అక్కడి నుంచి అంబులెన్సులో బెంగళూరుకి. కొన్ని రోజులు తను మాతో లేదు. ఆ రోజుల గురించి రాయలేను. గాజు తలుపు బయట నిలబడడం, చెప్పులు లెక్కపెట్టడం, వాటిలో చిన్నపిల్లల చెప్పులు వెతకడం, అంతే గుర్తుంది.

స్పృహ వచ్చి వార్డులోకి మార్చాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. రక్తంలో మందు జాడే లేదట. "ఎప్పటి నుంచి ఆపేశారు?" అంది. ఆపలేదన్నాను. ఆమె కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ అడగలేదు.

సాయంత్రం పూట నేను ట్యూషన్ చెబుతుంటే కెజియాకి మాత్ర ఇచ్చేది అత్తమ్మ. సాక్ష్యం చెప్పించిందీ ఆమే. నాకు ఇంకేమీ కనబడలేదు. వార్డులోనే, కెజియా మంచం పక్కనే అడిగాను.

"మాత్రలు మీరే ఆపినారా? దేవుడు బాగు చేసినాడు కదా, ఇంగ యాలకు అని ఆపినారా?"

శామ్ నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను.  అత్తమ్మ రెండు చేతులూ నా ముందు చాపింది.

"నా మొగుడికి ఊపిరాడకుండా పోతా ఉంటే రేయీ పగలూ మందు పోసిన చేతులు ఇవి. బిడ్డకి మందు ఆపుతాయా? అడిగేటప్పుడు నువ్వు నా మొగం చూసి అడగలేదే."

పక్క మంచం వాళ్ళు అటు తిరిగి పడుకున్నారు. అప్పుడు కెజియా గొంతు వచ్చింది, కుట్లు వేసిన పెదవితో.

"అవ్వ ఇచ్చినాది. నేనే ఉమ్మేసినాను."

ముగ్గురం తిరిగి చూశాం.

"బాత్రూంలో కాలవలో ఉమ్మేసినాను. సాక్ష్యం చెప్పినాక మాత్ర మింగితే దేవుడు బాగు చేయలేదని కదా అర్థం." పెదవి కుట్లు నాలుకతో తడుపుకుంది. "నేను మైకులో చెప్పినాను, ఇంగ ఎప్పుడూ రాదని. మళ్ళా వచ్చింది. ఎవరన్నా చూస్తే దేవుడు అబద్ధం చెప్పినాడనుకుంటారు. అందుకే గొళ్ళెం పెట్టుకున్నాను. వచ్చే ముందు నాకు తెలుస్తాది అమ్మా. అగ్గిపుల్ల గీసినట్ల వాసన వస్తాది. వాసన వస్తానే బాత్రూంలోకి పరిగెత్తి పోతా ఉంటిని."

అంటే ఆ ఎండల్లో నా బిడ్డ రాబోయేదాన్ని ముందే పసిగట్టి, ఎవరూ చూడకుండా సిమెంటు నేల మీద ఒంటరిగా పడడానికి లోపల గొళ్ళెం వేసుకుని కూర్చుంది. తెలివైన పిల్ల. తెలియాల్సినది మేం చెప్పలేదు కాబట్టి తనకి తెలిసినదానితో తనే ఒక దారి వేసుకుంది.

అత్తమ్మ మంచం పట్టీ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమెని క్షమించమని అడగాలని నోరు తెరిచాను. "ఊరుకో, సుమ్నే ఉండు" అంది. కాసేపటికి తన కొంగు కొస నా చేతిలో పెట్టింది, మొహం తుడుచుకోమని.

మే

ఇంటికి వచ్చిన రోజే శామ్ తలుపు మళ్ళీ నిలబెట్టి, మేకులు పీకి గొళ్ళెం తీసేశాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వైపు పోయి విసిరేసి వచ్చాడు.

చెప్పాల్సిన మాటలు నేను ఎన్నోసార్లు మనసులో కూర్చుకున్నాను. ఒక సాయంత్రం గుమ్మం మెట్ల మీద కూర్చున్నాం. గాలికి దిబ్బ మీది దుమ్ము లేచి లైన్ మీదికి వస్తోంది. కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"కెజ్జీ, నీది నీరసం కాదు."

"తెలుసు. ఆసుపత్రిలో నర్సమ్మ ఫిట్స్ అనింది."

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. బయటివాళ్ళే ముందు చెప్పారు.

"దాని పేరు మూర్ఛ. తలలో ఉండే జబ్బు. నువ్వు చేసిన తప్పుకి వచ్చింది కాదు. అది బలం మాత్ర కూడా కాదు, దీనికే మందు. మానితే ఏమైతాదో చూసినావు."

"ఎప్పుడు పోతాది?"

"తెలీదు."

"డాక్టరుకి?"

"ఆమెకీ తెలీదు."

నా మొహంలోకి చూసింది. అబద్ధం చెబుతున్నానా అని వెతికింది. ఆ చూపు నా బిడ్డ మొహంలో కొత్తది, అది పోవడానికి చాలాకాలం పడుతుందనుకుంటాను.

"దేవుడు అబద్ధం చెప్పినాడా, నేను చెప్పినానా?"

"ఎవరూ చెప్పలేదు తల్లీ. పెద్దోళ్ళం తెలిసింది నీకు చెప్పకుండా నిన్ను మైకు ముందర నిలబెట్టినాము."

"నేను మొద్దా? టీచరు నన్ను ఒక్కదాన్నే ముందు బెంచీలో కూచోబెడతాది. అందరూ రాసేసినా నాది అయిపోదు."

"మొద్దువి కాదు. నీకు ఎక్కువసేపు కావల్ల. పక్కన ఒకరు ఉండల్ల. కొంతమందికి కళ్ళద్దాలు కావల్ల కదా, నీకు అవి కావల్ల. నేను టీచరుతో మాట్లాడినాను."

"ఎప్పటికీనా?"

"అదీ తెలీదు."

తను ఏడ్చింది. నేను కూడా.  నిజం చెబితే మనసు తేలికపడుతుందని విన్నాను. మాకు అలా కాలేదు. తను రాత్రి అన్నం తినలేదు, మర్నాడు నాతో మాట్లాడలేదు. వాసన వస్తే చెప్పమంటే తల ఊపలేదు. గొళ్ళెం లేని తలుపుకి లోపల బకెట్టు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అత్తమ్మ అది చూసింది. ఒకరోజు మనవరాలికి జడ వేస్తూ గని సంగతి ఎత్తింది. మామగారి పని గురించి ఆమె మాట్లాడడం నేను అంతవరకు వినలేదు.

"మీ తాత గనిలోకి దిగేది ఇనప పంజరంలో. కేజ్ అంటారు. లోపల ఎంతో లోతులో ఉంటారు, పైన ఇంజను కాడ ఉండేవోడికి వీళ్ళు కనపడరు. ఎట్ల లాగుతాడు పైకి?"

"ఫోన్ చేస్తారా?"

"యాడి ఫోను. గంట కొడతారు. కింద గంట కొడితేనే పైన లాగేది."

"కొట్టకపోతే?"

"వాడికి ఎట్ల తెలుస్తాది పాపా? పైన కూచోనే ఉంటాడు." అత్తమ్మ జడ చివర రిబ్బను బిగించింది. "మీ అమ్మ కూడా అట్లనే కూచోనుండాది, ఆ తలుపు బయట."

 ఆ సాయంత్రం బాత్రూంలోంచి సన్నగా కెజియా పాట వినిపించింది. తలుపుకి అడ్డంగా బకెట్టు జరిపిన చప్పుడు కాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో లోపలికి వెళ్ళినవాళ్ళందరూ పాడుతున్నారు. పాట ఆగితే నేను చేస్తున్న పని వదిలేసి నిలబడతాను. ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా సరే. దీనికి అలవాటు పడతానని నాకు నమ్మకం లేదు.

ఆగస్టు

మాత్రలు మార్చారు. ఫిట్స్ తగ్గాయి, పోలేదు. మే తర్వాత రెండు మూడుసార్లు వచ్చాయి, ఒక్కసారి కూడా తను ముందు చెప్పలేదు. ఒకటి నిద్రలో వచ్చింది. తక్కినప్పుడు వాసన తెలిసిందా అని అడిగితే మొహం తిప్పుకుంది.

ఏప్రిల్ తర్వాత గుడికి రానని మొండికేసింది. పోయిన ఆదివారం తనే గౌను తెచ్చి ఇచ్చింది, వేయమని. ఎందుకని అడగలేదు. వెనక వరసలో చాప మీద కూర్చున్నాం. నేను, కెజియా, అత్తమ్మ. శామ్ మగవాళ్ళ వైపు. పాట మధ్యలో ఉంది. నా కొంగు ఎవరో లాగినట్టయింది.

"అమ్మా, వస్తా ఉండాది."

గుసగుసగా కాదు. పాట మీద నుంచి, ముందు వరసలకి వినబడేంత గట్టిగా.

 తనని చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాను. తల కింద నా బైబిలు సంచి పెట్టాను. అంతలోనే వచ్చింది. పాట వరస వరసగా ఆగిపోయింది. చుట్టూ కాళ్ళు. ఎవరో అన్నారు, "సాక్ష్యం చెప్పిన బిడ్డ కదా ఇది?" ఇంకెవరో, "విశ్వాసం చాలలేదేమో." గుడి తాళాలు చూసుకునే ముసలాయన గుత్తి గలగలలాడించుకుంటూ మనుషుల్ని తోసుకుని వచ్చాడు.

అత్తమ్మ లేచి అడ్డం నిలబడింది.

"తాళాలు వద్దు తాతా. నా మనవరాలికి మూర్ఛ జబ్బు. మూర్ఛ. దానంతట అదే ఆగిపోతాది. మీరంతా కొంచెం జరిగి గాలి రానీండి."

ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు.  ముసలాయన గుత్తిని తన గుప్పిట్లోనే బిగించి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. శామ్ ఎంతసేపు ఉంటుందోనని గడియారం చూస్తూ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాస్టరయ్య మైకు ఆపేసి, మెట్టు దిగి వచ్చి ఊరికే నిలబడ్డాడు. ప్రార్థన మొదలుపెట్టలేదు.

ఆగింది. ఒళ్ళు మెత్తబడింది. గౌను తడిసింది. అత్తమ్మ తన పైట చెంగు దాని మీద కప్పింది. చాలాసేపటికి కెజియా కళ్ళు తెరిచింది. పైన వంగి ఉన్న మొహాలని ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత మెల్లగా గుప్పిలి విప్పి అరచెయ్యి చూసుకుంది. ఖాళీగా ఉంది.

"అందరూ చూసినారా?"

"చూసినారు తల్లీ."

కళ్ళు మూసుకుంది. మళ్ళీ నిద్రలోకి జారిందనుకున్నాను. నా వేలు పట్టుకుంది.

"నేను ముందే చెప్పినాను కదా?"

"చెప్పినావు."